నీళ్ల పుస్తకంలో ఖాళీ పేజీలు

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో రోజూ రాసే అలవాటు గురించి పేజీ నిండా ఒక వ్యాసం వేశారు. మొదలుపెట్టినప్పుడు సంతోషంగానే ఉంది, ఎందుకంటే రోజూ రాసేవాళ్లలో నేనూ ఒకదాన్ని, మన గురించి ఎవరో రాశారులే అనుకున్నాను. సగానికి వచ్చేసరికి ఒళ్లు మండింది. చివరికి వచ్చేసరికి పేపరు మడిచి కుండీ కింద పెట్టేశాను (కుండీ కింద నుంచి నీళ్లు కారుతున్నాయి, కాబట్టి పూర్తిగా కోపంతోనే అని కూడా అనలేను).

ఇంట్లో అందరికంటే గంట ముందు లేవాలట. ఎవరూ పలకరించని చోట కూర్చోవాలట. మూడు పేజీలకు తగ్గకూడదట. 21 రోజులు ఒక్క రోజు కూడా తప్పకుండా రాస్తే అలవాటైపోతుందట, మధ్యలో ఒక్క రోజు తప్పినా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలట. బాగానే ఉంది. ఆ రాసినవారి ఇంట్లో గిన్నెలు ఎవరు తోముతారో మాత్రం వ్యాసంలో లేదు. మా ఇంట్లో ‘అందరికంటే గంట ముందు’ అనే గంట అసలు లేదండీ. నేను నాలుగున్నరకి లేస్తే మా చిన్నోడు నాలుగూ ముప్పై రెండుకి లేస్తాడు, లేచి “అమ్మా, ఏం చేస్తున్నావ్?” అంటాడు, ఆ తర్వాత ఇంక మూడు పేజీలు కాదు కదా మూడు మాటలు కూడా రావు.

అయినా ఆరేళ్లుగా మా ఇంట్లో రోజూ రాస్తూనే ఉన్నాం. తప్పిపోతూ, మళ్లీ రాస్తూ. ఆ తప్పిపోయిన రోజుల గురించే ఈ ఉత్తరం.

మాది పెద్ద తోటేం కాదు. 23 కుండీలు, ఒక మూల నేలలో మల్లె, గోడవారన ఏడాదికో తీగ. ఇంట్లో ఐదుగురం: మా అత్తయ్య, మా ఆయన, నేను, పెద్దమ్మాయి, చిన్నోడు. ఐదుగురికీ మొక్కలంటే ఇష్టమే, సమస్యంతా అక్కడే వచ్చింది. ఒక వేసవిలో గులాబీ కుండీలో ఆకులు పసుపు రంగుకి తిరిగి వాలిపోవడం మొదలైంది. పాపం దాహంగా ఉందని మా ఆయన పొద్దున ఒక చెంబు పోసేవారు. నేను గిన్నెలయ్యాక ఒక మగ్గు. అత్తయ్య సాయంత్రం గాలికి కూర్చుని ఒక మగ్గు. పిల్లలు వచ్చేటప్పుడు ఒకళ్లు, పోయేటప్పుడు ఒకళ్లు. ఎవరు పోశారో ఎవరికీ తెలియదు, ఎవరికి వాళ్లు ‘నేను తప్ప ఈ ఇంట్లో మొక్కని పట్టించుకునేవాళ్లే లేరు’ అనుకునేవాళ్లం. పదిహేను రోజులకి పీకి చూస్తే వేళ్లు గోధుమరంగుకి తిరిగి, మెత్తబడి, కాలవ వాసన కొడుతున్నాయి.

వేరుకి నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరమని నాకప్పుడే తెలిసింది. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో గాలి ఉంటుంది, ఆ ఖాళీలన్నీ నీళ్లతో నిండిపోతే వేళ్లకి ఆక్సిజన్ అందదు, ఊపిరాడని వేరు కుళ్లిపోతుంది, కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు, అందుకని ఆకులు అచ్చం దాహమేసినట్టే వాలిపోతాయి. అది చూసి మనం ఇంకో మగ్గు పోస్తాం. ప్రేమతో చంపడమంటే ఇదేనేమో.

అప్పుడు మా అత్తయ్య ఒక మాటన్నారు. “నేను మాత్ర వేసుకుంటే డబ్బా మీద గీత పెట్టుకుంటాను కదా, లేకపోతే రెండోసారి మింగేస్తానని. మీరూ అలాగే గీత పెట్టండి.” అంతే. చిన్నోడి సగం వాడిన లెక్కల నోట్‌బుక్‌ని తాడు కట్టి కుళాయి పక్కన మేకుకి తగిలించాం. దాని పక్కనే ఒక పెన్సిల్ పెట్టాం. పెన్సిలే ఎందుకంటే తడి చేతులతో పట్టుకుంటే పెన్ను సిరా పాకిపోతుంది. ఎవరు పోస్తే వాళ్లు తేదీ వేసి ‘పోశాను’ అని రాసి, పేరులో మొదటి అక్షరం పెట్టాలి. ఇంట్లో దాని పేరు నీళ్ల పుస్తకం. డైరీ అని ఇప్పటికీ ఎవరం అనం.

మొదటి నెల పేజీలు చూస్తే నవ్వొస్తుంది. పోశాను, పోశాను, పోశాను, మధ్యలో మా ఆయన అక్షరాల్లో ‘నేనూ పోశాను, తెలియక’. తర్వాత ఒక రోజు పెద్దమ్మాయి ‘పోశాను. మిరపకి పువ్వు’ అని రాసింది. మర్నాడు ఎవరో దాని కింద ‘రెండు’ అని రాశారు. ఆ ‘రెండు’ రాసింది నేను కాదని నేను, తను కాదని మా ఆయన ఇప్పటికీ అంటూనే ఉన్నాం. కానీ ఆ రోజు నుంచే నీళ్ల పద్దు కాస్తా ఇంకేదోగా మారింది. అంతకుముందు నీళ్లు పోసేటప్పుడు మట్టిని చూసేవాళ్లం, ఇప్పుడు రాయడానికి ఒక ముక్క కావాలి కాబట్టి మొక్కని చూడటం మొదలుపెట్టాం.

చూడటం కూడా ఒక్కసారిగా రాలేదు లెండి. మొదటి ఏడాది మిరపకి తెగులొస్తే ‘ముడత’ అని రాసుకున్నాం. అది ఎందుకూ పనికిరాని మాట. మిరపకి తామర పురుగులు పడితే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి, తెల్లనల్లి పడితే కిందికి ముడుచుకుంటాయి, రెండిటికీ మందు ఒకటి కాదు. రెండో ఏడాది నుంచి ‘పై ముడత’, ‘కింది ముడత’ అని విడివిడిగా రాస్తున్నాం. ఒక పేజీలో చిన్నోడి క్షమాపణ ఉంది. మందార కొమ్మ మీద నల్లగా, నారింజ మచ్చలతో, బుల్లి మొసళ్లలా పాకుతున్న పురుగుల్ని వాడు వీరుడిలా ఏరి నలిపేశాడు. అవి అక్షింతల పురుగు (లేడీబర్డ్) పిల్లలని, మొక్కల రసం పీల్చే పేనుబంకని తినేవి అవేనని తర్వాత తెలిసింది. ‘మేం మనవాళ్లనే చంపేశాం. సారీ’ అని రాసి కింద ఒక మొసలి బొమ్మ వేశాడు. తప్పు చేసింది వాడొక్కడే అయినా ‘మేం’ అని రాసిన తెలివి చూడండి.

సొర తీగ సంగతి ఇంకా బాగుంటుంది. ఆ ఏడాది గోడవారన సొర పెట్టాం. ముందు పది పన్నెండు రోజులు మగపూలే వచ్చాయి, అది మామూలే. తర్వాత వెనకాల చిట్టి పిందెతో ఆడపూలు రావడం మొదలైంది. వచ్చిన పిందె వచ్చినట్టే పసుపు రంగుకి తిరిగి రాలిపోతోంది. తేనెటీగలు రావట్లేదు కాబట్టి మనమే పుప్పొడి అంటించాలని మా ఆయన ఒక పెయింటింగ్ బ్రష్ పట్టుకుని రోజూ పొద్దున ఎనిమిదింటికి తయారయ్యేవారు. పుస్తకంలో నాలుగుసార్లు ఉంది: ‘బ్రష్ పెట్టాను. పిందె రాలింది.’ ఒక రోజు పెద్దమ్మాయి సాయంత్రం చేతులు కడుక్కోవడానికి వెళ్లి, ఊరికే, ఆ పక్కన రాసింది: ‘6:40. సొర పూలన్నీ ఇప్పుడే విచ్చుకుంటున్నాయి. తెల్లగా భలే ఉన్నాయి.’ తెల్లారి అది చదివి మా ఆయన చేతిలో బ్రష్ వంక చూసుకున్నారు. గుమ్మడి పూలు తెల్లవారుజామున విచ్చుకుంటాయి కానీ సొర పూలు సాయంత్రం విచ్చుకుని రాత్రంతా ఉండి, మర్నాడు ఎండెక్కేసరికి వాడిపోతాయి. వాటి దగ్గరికి వచ్చేవి రాత్రి తిరిగే రెక్కల పురుగులు. ఈయన నాలుగు రోజులూ వాడిపోయిన పూలకి బ్రష్ పెట్టారన్నమాట. ఆ సాయంత్రం మగపువ్వు కోసి, రేకులు తీసేసి, ఆడపువ్వు మధ్యలో అద్దాం. మూడో రోజుకి పిందె నిలబడింది.

మీ వ్యాసంలో చెప్పిన మూడు పేజీల నియమం ఉంటే పిల్ల ఆ ఒక్క ముక్క రాసేదా? పుస్తకం జోలికే వచ్చేది కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒక్క రోజు కూడా తప్పకూడదు అన్న మాట మేం పాటించి చూశామండీ. మూడో ఏడాది మా ఆయన ఎక్కడో ఇలాంటిదే చదివి, పుస్తకం పైన ఒక క్యాలెండర్ తగిలించి, పోసిన రోజు మీద ఎర్ర పెన్సిల్‌తో అడ్డగీత కొట్టాలని, గీతల వరస ఎక్కడా తెగకూడదని రూలు పెట్టారు. పిల్లలకి ఉత్సాహం వచ్చింది. మొదటి వారం బాగా జరిగింది. రెండో వారం చిన్నోడు ఒకేసారి మూడు రోజుల గీతలు కొట్టాడు. మూడో వారంలో ఒక రాత్రి పదకొండింటికి నాకు గుర్తొచ్చింది, ఆ రోజు గీత లేదని. వరస తెగిపోతుందన్న టెన్షన్‌తో పక్క మీద నుంచి లేచి వెళ్లి గీత కొట్టి ‘పోశాను’ అని రాసి వచ్చి పడుకున్నాను. నీళ్లు పోయలేదు. చీకట్లో కుండీల దగ్గరికి ఎవరు వెళ్తారు, పొద్దున పోద్దాంలే అనుకున్నాను. పొద్దున మర్చిపోయాను. పుస్తకంలో ‘పోశాను’ అని ఉంది కాబట్టి మిగతావాళ్లూ పోయలేదు. ఇలాంటి గీతలు ఇంకా ఎన్ని ఉన్నాయో, ఎవరెవరివో, ఎవరం ఒప్పుకోలేదు. నడి వేసవిలో, 26 గీతల వరస ఎక్కడా తెగకుండా ఉన్న క్యాలెండర్ కింద, రెండు వంగ మొక్కలు నిలువునా ఎండిపోయాయి.

అబద్ధం ఆడటానికి ఇంట్లో ఎవరికీ అవసరం లేదు, తిట్టేవాళ్లు లేరు, కొట్టేవాళ్లు లేరు. ఆ గీతల వరస కోసం అబద్ధం ఆడాం. నలభై దాటిన నేనే ఆడానంటే పదేళ్ల పిల్లాణ్ని ఏమనగలను? క్యాలెండర్ తీసేశాం. వరస తెగకూడదు అనగానే మనిషి కాపాడేది వరసని, పనిని కాదు. ఈ మాట మీ వ్యాసం రాసినవారికి తప్పకుండా చెప్పండి.

దీనికి సరిగ్గా తిరగేసిన కథ మరుసటి ఏడాది జరిగింది. టమాటా కాయలు బాగా వచ్చాయి కానీ అడుగు భాగం నల్లగా, తోలులా అణిగిపోయి కుళ్లుతోంది. అడిగినవాళ్లందరూ కాల్షియం లోపం అన్నారు. గుడ్డు పెంకులు దంచి పోయమన్నారు, పోశాం. పెంకు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, కాయ మాత్రం వారంలో పాడైపోతుంది, అదెవరూ చెప్పలేదు. ఒక సాయంత్రం అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని పుస్తకం వెనక్కి తిప్పుతూ కూర్చున్నారు. పిల్లల పరీక్షలప్పుడు నాలుగు రోజులు ఖాళీ. ఐదో రోజు ఒకే పేజీలో మూడు ‘పోశాను’లు. తర్వాత మళ్లీ మూడు రోజులు ఖాళీ, మళ్లీ ఒకే రోజు వరద. మట్టిలో కాల్షియం ఉన్నా అది కాయ దాకా చేరేది నీళ్లతో కలిసే. మొక్క ఒక వారం ఎండి ఒక వారం మునిగితే కాయకి అందదు. లోపం మట్టిలో కాదు, మా పోతలో ఉంది. మొదళ్ల దగ్గర ఎండుటాకులు మందంగా పరిచి, తేమ ఒకేలా ఉండేట్టు చూశాం. ముందున్న కాయలు ఎలాగూ పోయాయి, తర్వాత పట్టిన గుత్తులు మాత్రం శుభ్రంగా వచ్చాయి.

గమనించారా, రోగం ఏంటో చెప్పింది ఆ ఖాళీ రోజులే. పరీక్షల్లో ఉన్న పిల్లలు ఆ నాలుగు రోజులూ దొంగ ‘పోశాను’లు రాసి ఉంటే మేం ఇప్పటికీ పెంకులు దంచుతూనే ఉండేవాళ్లం.

ఇక 21 రోజుల సంగతి. పేపర్లో అచ్చయింది కదా అని పిల్లలు నమ్ముతారు, అందుకని ఇది దిద్దితే బాగుంటుంది. ఆ అంకె మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ నుంచి వచ్చింది. ముఖానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అద్దంలో తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం ఓ 21 రోజులు పడుతోందని ఆయన గమనించి 1960లో ఒక పుస్తకంలో రాశారు. ఆయన మాట మొదలైంది ముఖం గురించి. పైగా ‘కనీసం’ అన్నారు. చేతులు మారేసరికి కనీసం పోయింది, ముఖం కూడా పోయి, ఏ అలవాటైనా సరే 21 రోజులే అని మిగిలింది. నిజంగా కొలిచి చూసినవాళ్లు వేరే ఉన్నారు. లండన్ యూనివర్సిటీ కాలేజ్‌లో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మందిని తీసుకుని, ఒక్కొక్కరు ఒక చిన్న అలవాటు ఎంచుకుని రోజూ ఒకే సందర్భంలో, అంటే భోజనం తర్వాతో టిఫిన్ తర్వాతో చేసేట్టు 12 వారాలు చూశారు. ఆ ఫలితాలు 2009లో బయటికి వచ్చాయి. ఆ పని ఆలోచించకుండా దానంతటదే జరిగే స్థితికి రావడానికి మధ్యరకంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా అంచనా వచ్చింది. ఇంకో ముఖ్యమైన సంగతి, మధ్యలో ఒకసారి తప్పితే అలవాటు కుదరడానికి పెద్ద తేడా ఏమీ రాలేదు. అంటే ఒక్క రోజు తప్పితే మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలన్న మాటకి ఆధారం లేదు, భయపెట్టడం తప్ప.

ఆ ‘ఒకే సందర్భం’ అన్న మాట చదివినప్పుడు నాకు మా మేకు గుర్తొచ్చింది. కుళాయి కట్టేసిన చేయి అక్కడే ఉన్న పెన్సిల్ మీదకి వెళ్తుంది. మా ఇంట్లో ఎవరం పట్టుదల మనుషులం కాదు, మా ఆయన మూడుసార్లు కొత్త డైరీలు కొని మూడుసార్లూ రెండో వారంలో వదిలేశారు. ఆ డైరీలు బీరువాలో ఉండేవి. ఇది కుళాయి దగ్గర ఉంది. అదే తేడా. ఒకసారి గోడకి రంగులేసేటప్పుడు మేకు పీకి పుస్తకాన్ని లోపల బల్ల మీద పెట్టాం, తొమ్మిది రోజులు ఒక్క అక్షరం పడలేదు. మళ్లీ మేకు కొట్టాం, ఆ సాయంత్రమే మూడు లైన్లు.

పెద్దమ్మాయి ఈ మధ్య ఎక్కడో చదివి నాకు చెప్పిన సంగతి ఒకటుంది. ఇంగ్లండ్‌లో నార్ఫోక్ అనే చోట రాబర్ట్ మార్షమ్ అని ఒకాయన 1736లో తన చుట్టూ జరిగే చిన్న చిన్న సంగతులు రాసుకోవడం మొదలుపెట్టారు. ఏడాదిలో మొదటి పువ్వు ఎప్పుడు విచ్చుకుంది, ఏ చెట్టు ఎప్పుడు చిగురించింది, కప్ప ఎప్పుడు అరిచింది, వలస పక్షి ఎప్పుడు వచ్చింది, ఇలా 27 గుర్తులు. ఆయన పోయాక పిల్లలు, మనవలు, వాళ్ల పిల్లలు రాస్తూ పోయారు, 1958 దాకా. మధ్యలో, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో, కొన్నేళ్ల ఖాళీ కూడా ఉంది. ఆ ఖాళీ ఉందని వాళ్లు దాన్ని చింపి పారేసి ఒకటి నుంచి మొదలుపెట్టలేదు. వాతావరణం ఎలా మారుతోందో, చెట్లు ఎంత ముందుగా చిగురిస్తున్నాయో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఆ కుటుంబం రాసిన పేజీలు వాడుకుంటున్నారు. వాళ్లలో ఎవరూ మూడు పేజీల చొప్పున మనసులో మాటలు రాయలేదు. తేదీ, చిగురు. తేదీ, కప్ప. మా పెద్దమ్మాయి ఇది చెప్పగానే అత్తయ్య “కప్ప అరుపు కూడా రాశారా, మన దగ్గర అది ఎవరూ రాయట్లేదే” అని కంగారుపడ్డారు. అప్పటి నుంచి రాస్తున్నాం.

అమెరికా అధ్యక్షుడిగా చేసిన థామస్ జెఫర్సన్‌కి కూడా తోట పుస్తకం ఉండేది. 1766 మార్చి 30న మొదలైంది, మొదటి రోజు రాసింది ఊదారంగు హయసింత్ పూయడం మొదలైందని, అంతే. 1824 దాకా అప్పుడప్పుడూ రాస్తూ వచ్చారు, మధ్యలో ఖాళీలు బోలెడు. పెద్ద పెద్ద పత్రాలు రాసిన మనిషి కూడా తోట దగ్గరికి వచ్చేసరికి నాలుగు మాటలతో సరిపెట్టారు కదా అని నాకు ముచ్చటేసింది. అయితే ఒకటి. ఆ తోటలో తవ్విందీ, మోసిందీ, నీళ్లు పోసిందీ ఎక్కువగా ఆయన దగ్గర బానిసలుగా ఉన్న మనుషులు. రాసింది ఆయన. తెల్లారి నిశ్శబ్దంలో కూర్చుని రాయండి అని ఎవరైనా చెప్పినప్పుడల్లా ఆ వేళకి పని ఎవరి చేతుల్లో ఉందా అని నాకు అనుమానం వస్తుంది, అందుకే గిన్నెల గురించి అడిగాను. మా పుస్తకంలో ఒక రూలుంది, పోసినవాళ్లే రాయాలి. ఒకళ్లు పోస్తే ఇంకొకళ్లు రాయడానికి లేదు.

పోయినేడు మా ఇంట్లో పెద్ద ఖాళీ వచ్చింది. అత్తయ్య జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, ఆసుపత్రి, తర్వాత నడక నేర్పించే వ్యాయామాలు, మొత్తం నలభై రోజులు నేను పుస్తకం ముట్టుకోలేదు. ఎవరైనా నన్ను అప్పుడు ‘ఇవాళ మూడు పేజీలు రాశావా’ అని అడిగి ఉంటే ఏమనేదాన్నో తెలియదు. నలభై రోజుల తర్వాత తీరిగ్గా కుళాయి దగ్గరికి వెళ్లి చూస్తే పుస్తకం పూర్తిగా ఖాళీగా లేదు. మొదటి పదకొండు రోజులు ఏమీ లేదు. పన్నెండో రోజు చిన్నోడి అక్షరాలు: ‘పోశాను. కొన్ని చచ్చిపోయాయి. ఎన్నో లెక్క పెట్టలేదు.’ తర్వాత రెండు రోజులకోసారి, మూడు రోజులకోసారి. మా ఆయన ఒకచోట ‘అమ్మ కూర్చుంది’ అని రాశారు. ఇంకోచోట ‘అమ్మ నాలుగడుగులు’. మొక్కల గురించి ఒక్క మాట లేదు. నీళ్ల పుస్తకంలో ఇదేంటని ఎవరూ అడగలేదు. ఒక రోజు చిన్నోడు రాశాడు: ‘ఇవాళ ఎవరూ పోయలేదు. వాన పోసింది. వాన తరఫున సంతకం నాది.’

ఆ నిమిషం కుళాయి దగ్గరే కూర్చుండిపోయాను, కాసేపు లేవలేకపోయాను.

అత్తయ్య కర్ర సాయంతో బయటికి రాగలిగిన రోజున పుస్తకం తెచ్చి చూపించాను. మొదటి పదకొండు పేజీలు చూసి, వీటిలో గుర్తున్నంత వరకు రాసేద్దామా అని నేనంటే, “వద్దు. అలాగే ఉంచు, అప్పుడు మీరందరూ నా దగ్గరున్నారు కదా” అన్నారు. పేజీకొక తేదీ మాత్రం వేసి వదిలేశాం. చచ్చిపోయిన కుండీలు ఆరు. మల్లె నేలలో ఉంది కాబట్టి బతికిపోయింది. పుదీనా సంగతి చెప్పక్కర్లేదు, పైన మోడైపోయినట్టు కనిపించినా కింద కాడ బతికే ఉంటుంది, నాలుగు చుక్కలు పడగానే లేచొచ్చింది.

సంపాదకులు గారూ, ఊరికే మీ మీద విసుక్కోవడానికి ఇంత రాయలేదు. రెండు మాటలు అడుగుతాను. ఒకటి, ఆ 21 రోజుల లెక్కని వీలైతే రేపటి ఆదివారం దిద్దండి. రెండోది కొంచెం ఆశ. మీ తోటల పేజీలో ఫొటోలన్నీ విరగబూసినవే ఉంటాయి. ఆకు చివర మాడిన కుండీ ఒక్కటి కూడా నేనింతవరకు చూడలేదు. అవి చూసి ఎంతమంది ‘మన చేతిది బతకదులే’ అని మానేసి ఉంటారో. ఆ పేజీలో ఒక మూల, అరచేతంత జాగా పాఠకులకి ఇవ్వండి. ఆ వారం తమ కుండీల్లో ఏం జరిగిందో తేదీతో సహా మూడు లైన్లు, అంతకు మించొద్దు. పూసినవీ, చచ్చినవీ, మర్చిపోయినవీ అన్నీ. తేదీ తప్పనిసరి. ఎందుకంటే, ఎండలు ముదిరి వాన జాడ లేని ఏ వారంలో పై ముడత మొదలైందో పదిమంది రాస్తే, పదకొండో మనిషి తన మిరప ఆకుని ముందుగానే తిప్పి చూసుకుంటాడు. మందుల ప్రకటన ఒక్కటి తగ్గించుకుంటే ఆ జాగా దొరుకుతుంది. ఈ వాక్యం మీరు కత్తిరిస్తారని తెలుసు, అయినా రాశాను.

వ్యాసం రాసినవారి మీద నాకు కోపమేం లేదు, ఉన్నది కుండీ కింద తడిసిపోయింది. వారు నిజంగా రోజూ గంట ముందు లేచి రాస్తుంటే సంతోషం. వాళ్లింట్లో మిగతావాళ్లని కూడా ఒక లైను రాయమనండి, ఆ గంటలో వాళ్లేం చేస్తున్నారో.

ఇట్లు,
మీ పాఠకురాలు

తా.క.: ఈ ఉత్తరం రాయడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది, మధ్యలో రెండు రోజులు తప్పాయి. పంపే ముందు అత్తయ్యకి చదివి వినిపించాను. అంతా విని ఒక్క తప్పు పట్టారు. గులాబీ చచ్చింది వేసవిలో కాదట, వానలు మొదలయ్యాకట. కాదు వేసవిలోనే అని నేను, వానల్లోనే అని మా ఆయన ఆవిడ పక్షం. అప్పటికి పుస్తకం లేదు కాబట్టి ఎవరి మాట నిజమో తేల్చే దారి లేదు. మీరు మాత్రం నేను రాసినట్టే వేయండి.